‘అయిపోయింది’కి కర్త ఎవరు?

ఇప్పుడు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్న పిల్లలు ఎక్కడన్న కలిస్తే నన్ను ఒకటే అడుగుతరు. "మేడమ్, ఇన్నేండ్లు చెప్పిన్రు గదా, మీకు అన్నిట్ల కష్టమైన పాఠం ఏది?" టెన్సెస్ అంటనో, ప్రిపోజిషన్స్ అంటనో అనుకుంటరు. నేను "రన్ అవుట్ ఆఫ్" అంట. నవ్వుతరు. నవ్వుండ్రి. ఆ మూడు ముక్కలు చెప్పినందుకే నా కొలువు పోయింది. పోయినందుకు నాకు ఇయ్యాల్టి దాకా రవ్వంత రంది సుత లేదు.

మా ఇన్‌స్టిట్యూట్ అమీర్‌పేటల ఒక పాత బిల్డింగ్ మూడో అంతస్తుల ఉండేది. కింద జిరాక్స్ షాపు, దాని మీద జావా, దాని మీద డేటా సైన్స్, అందరి నెత్తి మీద మేము. జావా నేర్చుకున్నోళ్లు సుత ఇంటర్వ్యూల నోరు పెగలక మళ్ల మా దగ్గరికే మెట్లెక్కి వచ్చేటోళ్లు. అందుకని మాకు పిల్లలకు కొదువ లేకుండె.

నేను బల్కంపేటల పుట్టి పెరిగిన దాన్ని. మా నాయన సెంట్రింగ్ పనికి పోయేటోడు. నాది తెలుగు మీడియం. డిగ్రీల ఒకసారి లెక్చరర్ లేపి ఇంగ్లీష్ పాఠం చదవమంటే చదివిన, క్లాసంత నవ్వింది. ఆ నవ్విన మూతుల మీది కోపంతోటే ఇంగ్లీష్ నేర్చుకున్న. కోపం మంచి టీచరు. ఫీజు తీసుకోదు, సెలవు పెట్టదు.

పంజాగుట్టల ఒక ప్రైవేటు హాస్పిటల్ ఉండె. ఆ హాస్పిటలోళ్లు తమ నర్సులను బ్యాచులు బ్యాచులుగా మా దగ్గరికి పంపేది. పొద్దటి డ్యూటీ దిగి, తెల్లబట్టల మీద చున్నీ కప్పుకొని, బస్సు కూడ ఎక్కకుండా నడుచుకుంట వచ్చేటోళ్లు. వచ్చి బెంచీల మీద కూలబడి, కండ్లు తెరుచుకొని నిద్రపోయేటోళ్లు. నేను ఏమనకపోయేది. పొద్దున్నుంచి నిలబడ్డ కాళ్లకు గ్రామర్ ఏం ఎక్కుతది?

వాళ్లల్ల ఒక సిస్టర్ ఉండె. జనగామ దిక్కు రైతుల బిడ్డ. హాస్పిటల్ పక్క గల్లీల హాస్టల్ల ఉంటుండె. ఇంగ్లీష్ల అడిగితే రెండు మాటలు, తెలుగుల అడిగితే రెండు గంటలు. పేషెంట్లకు ఆమె అంటే పాణం. ముసలోళ్లు మందులు మింగనని మొండికేస్తే ఈమెనే పిలిచేదట. "ఏం చేస్తవ్ బిడ్డా?" అంటే, "ఏం లేదు మేడమ్, నువ్వు మింగకుంటే నేను మింగుత అని నోట్ల పెట్టుకోబోత. వాళ్లే గుంజుకుంటరు" అని నవ్వేది.

ఒకనాడు ఆమె క్లాసుకు వచ్చింది గానీ నవ్వలేదు. అందరు పోయినంక సుత బెంచీ మీదనే కూసున్నది.

"ఏమైంది?" అన్న.

"మేడమ్, 'ఫినిష్డ్' అంటే ఏంది?" అన్నది.

"అయిపోయింది అని."

"ఏం అయిపోయింది అని?"

ఆ ప్రశ్నల ఏదో ఉన్నదని తెలిసి, డస్టర్ పక్కకు పెట్టి ఆమె ముందట కూసున్న. అప్పుడు చెప్పింది.

ఆమె వార్డుల ఒక లేడీస్ టైలర్ ఉండె. ఫిట్స్ వచ్చి చేరిండు. ఆయనకు టైముకు ఇంజెక్షన్ పడాలె, పడకుంటే ఫిట్స్ మళ్ల వస్తయ్. మొన్న ఒకనాడు మధ్యాహ్నం డోసు ఇద్దామని చూస్తే వార్డుల ఆ ఇంజెక్షన్ లేదు. స్టోరుకు ఫోన్ చేసింది. స్టోర్ చూసుకునే పెద్దమనిషిని అందరు స్టోర్ భాయ్ అంటరు. "ఇక్కడ సుత లేదమ్మా, మాల్ రాలేదు" అన్నడు ఆయన. బయట మెడికల్ షాపుల కొనుక్కరమ్మని పేషెంట్ భార్యను పంపుదామంటే, డాక్టర్ చిట్టీ రాయంది బయటి మందు లోపలికి రానియ్యొద్దని ఆ హాస్పిటల్ల కచ్చితమైన రూలు. ఇక డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఉత్తరాది నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. తెలుగు రాదు.

"ఏమని చెప్పినవ్?"

"సార్, టైలర్ పేషెంట్, ఇంజెక్షన్ ఫినిష్డ్ సార్ అన్న."

"ఆయనేమన్నడు?"

"గుడ్, అబ్జర్వ్ చెయ్ అన్నడు. పెట్టేసిండు."

నాకు అర్థమైంది. ఆమెకు సుత అప్పటికే అర్థమైంది. 

ఇంజెక్షన్ ఇచ్చుడు అయిపోయింది అని ఆయన విన్నడు. ఇంజెక్షన్ నిండుకున్నది అని ఈమె చెప్పింది.

"గుడ్ అంటే నీకు అనుమానం రాలేదా?"

"ఆ సార్ అన్నిటికీ గుడ్ అంటడు మేడమ్. జ్వరం పెరిగిందన్నా గుడ్ అంటడు. చిట్టీ రాయనీకె వస్తుండు అనుకున్న. ఇంతల రెండు కొత్త కేసులు వచ్చినయ్. ఒకటి యాక్సిడెంట్. నేను గా పనిల పడ్డ."

సాయంత్రం టైలర్‌కు ఫిట్స్ వచ్చినయ్. మంచం మీదికెల్లి కింద పడ్డడు. పాణం దక్కింది గానీ కుడి భుజం జారింది. కత్తెర పట్టే చెయ్యి. ఆయన భార్య రిసెప్షన్ కాడ నిలబడి, బయట రోడ్డు మీదోళ్లు ఆగి చూసేటట్టు అరిచింది. "టైముకు సూది పడితే నా మనిషి ఎందుకు పడతడు? ఎవరు జవాబు చెప్తరు?" అన్నది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతకనీకె హాస్పిటలోళ్లు ఎంక్వైరీ పెట్టిన్రు. వెతుకుడు మొదలుపెట్టకముందే జవాబు దొరికింది వాళ్లకు. నా ముందట బెంచీ మీద కూసున్నది.

"తప్పు నాదే గదా మేడమ్. నాకు ఇంగ్లీష్ రాకనే గదా" అన్నది.

నాకు ఎక్కడో కాలింది. ఆ డిగ్రీ క్లాసు నవ్వు మళ్ల వినపడ్డట్టయింది. లేచి బోర్డు తుడిచిన.

"తప్పు సంగతి తర్వాత. ముందు ఆ మాట ఎట్ల చెప్పాల్నో నేర్చుకో" అన్న.

మామూలుగా ఈ పాఠం నేను నవ్వుకుంట చెప్పేదాన్ని. "రన్ అవుట్" అనంగనే మొగపిల్లలంత అంపైర్ లెక్క వేలు పైకి లేపేటోళ్లు. ఆనాడు నవ్వు రాలేదు. రెండు వాక్యాలు రాసిన. ఒకటి, 'ద ఇంజెక్షన్స్ హావ్ రన్ అవుట్'. రెండోది, 'వీ హావ్ రన్ అవుట్ ఆఫ్ ఇంజెక్షన్స్'.

"చూడు బిడ్డా. రెండిట్ల ఉన్న సంగతి ఒకటే. నిండుకున్నది అని. మొదటి దాంట్ల అయిపోయింది ఇంజెక్షన్లు. మనిషి ఎక్కడా కనపడడు. మనం తెలుగుల చెప్పినట్టే ఉంటది. ఉప్పు అయిపోయింది, గ్యాస్ అయిపోయింది, ఎవరో అవగొట్టినట్టు కాదు, దానంతట అదే అయిపోయినట్టు. రెండో దాంట్ల 'ఆఫ్' వచ్చింది చూడు. 'ఆఫ్' వచ్చిందంటే మనిషి ముందటికి వచ్చి నిలబడాలె. ఎవరి దగ్గర అయిపోయిందో వాళ్లను చెప్పాలె. వస్తువు ఎనక పోతది."

"ఇట్లంటే ఆ సార్‌కు సమజయితుండెనా?"

"అవుతుండె. 'రన్ అవుట్' అంటే ఇచ్చుడు అయిపోయిందని ఎవరూ అనుకోరు. లేదు అనే అనుకుంటరు."

"మరి ఇంకా ఉన్నది గానీ తగ్గుతున్నది అంటే?"

"'వీ ఆర్ రన్నింగ్ లో'. అది నిండుకోకముందు చెప్పే మాట. నిండుకున్నంక చెప్పేది రన్ అవుట్."

ఆమె కండ్లు చిన్నగ చేసింది. "ఆ 'రన్నింగ్ లో' మాట స్టోర్ భాయ్ ఎన్ని దినాల సంది మొత్తుకుంటుండో తెలుసా మేడమ్? పెద్ద సార్‌కు చెప్పిన చెప్పిన అంటడు. భాయ్‌కు గీ ఇంగ్లీష్ తెల్వదు గంతే."

పెద్ద సార్ అంటే హాస్పిటల్ అడ్మినిస్ట్రేటర్. ఎంక్వైరీ పెట్టింది ఆయననే.

వాక్యం పలికించిన. "ఐ హావ్ రన్ అవుట్ ఆఫ్" అని మొదలుపెట్టి ఆగింది.

"మేడమ్, 'ఐ' అంటే నా దగ్గర అయిపోయింది అని గదా. మందులు నా ఇంట్లయా?"

"అయితే 'వీ' అను."

"వీ అంటే నాతోటి సిస్టర్లు సుత వస్తరు. వాళ్లు ఆనాడు డ్యూటీల సుత లేకుండె. వాళ్లను ఎందుకు గుంజాలె?"

"మరి ఏమంటవ్?"

"ఆలోచిస్త మేడమ్" అన్నది. బ్యాగు తీసుకొని పోయింది. నేను బోర్డు మీద ఆ 'వీ' తుడిచి, ఖాళీ గీత పెట్టి వదిలిపెట్టిన. పొద్దున జావా పిల్లలు ఎవరో వచ్చి దాంట్ల ఒక హీరో పేరు రాసిన్రు.

రెండు మూడు దినాలకు మా ఓనర్ నన్ను క్యాబిన్లకు పిలిచిండు. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటల నిలదొక్కుకున్నోడు. మంచోడే. పండుగకు అందరికీ స్వీట్ బాక్సు ఇచ్చేటోడు. జీతం అడిగితే మాత్రం స్వీట్ల సంగతి గుర్తు చేసేటోడు.

"కూర్చోండి మేడమ్ గారూ. టీ చెప్పనా?" అన్నడు. టీ చెప్పిండంటే పెద్ద పనే ఉన్నదని నాకు తెలుసు. "పంజాగుట్ట హాస్పిటల్ వాళ్లు మిమ్మల్ని ఎంక్వైరీకి రమ్మంటున్నారు. ఎక్స్‌పర్ట్‌గా."

"నన్ను ఎందుకు సార్? నాకు సూది పొడవ రాదు."

"ఏంటండీ మీరు, జోకులు. ఆ అమ్మాయి ఇంగ్లీష్ వీక్ అని రెండు ముక్కలు చెప్పండి, చాలు. కమ్యూనికేషన్ గ్యాప్ వల్ల జరిగిందని వాళ్లు క్లోజ్ చేసేస్తారు. వీక్ అంటే ట్రైనింగ్ కావాలి కదా. ట్రైనింగ్ అంటే మనమే కదా. నర్సులు, రిసెప్షన్, ల్యాబ్, మొత్తం స్టాఫ్‌ని మనకే ఇస్తామంటున్నారు. ఏళ్ల తరబడి పని మేడమ్."

"ఆ పిల్ల ఉద్యోగం?"

"అది వాళ్లు చూసుకుంటారు. మిమ్మల్ని అబద్ధం చెప్పమనట్లేదుగా? వీకా, కాదా?"

వీకే. అదే నా గొంతుల పడ్డ ముల్లు. అబద్ధం చెప్పమంటే మొహం మీదనే పొమ్మందును. ఆయన నిజమే చెప్పమంటుండు. ఆ నిజాన్ని తీసుకపోయి అబద్ధం దగ్గర కూలికి పెడతమంటుండు. టీ తాగకుండనే లేచిన.

ఆనాడు అమీర్‌పేట నుంచి బల్కంపేట దాకా నడుచుకుంటనే ఇంటికి పోయిన. రోడ్డు పొడుగూత బోర్డులే. ముప్పై దినాల్ల ఇంగ్లీష్, ఇంగ్లీష్ వస్తే ఉద్యోగం, ఇంగ్లీష్ వస్తే జీవితం. అట్లాంటి బోర్డు కిందనే నేను ఇన్నేండ్లు అన్నం తిన్న. ఇంగ్లీష్ రాకుంటే ఏమైతదో మాత్రం ఏ బోర్డు మీద రాసి లేదు. ఎవరు ఏం తప్పు చేసినా నీ మీద పడతది. గంతే. గది చెప్పకుండా పాఠం చెప్పుడు ఏం పాఠం అనిపించింది.

ఎంక్వైరీ నాడు ఓనర్ నన్ను తన కారులనే తీసుకపోయిండు. పంజాగుట్ట సిగ్నల్ కాడ ఆగినప్పుడు "రెండు ముక్కలే మేడమ్ గారూ" అని మళ్లొకసారి గుర్తు చేసిండు.

కాన్ఫరెన్స్ హాలు చల్లగ ఉండె. బల్ల మీద బిస్కెట్లు, నీళ్ల సీసాలు. అద్దంల కెల్లి చూస్తే కింద ఫ్లైఓవర్ మీద బండ్లు సప్పుడు లేకుండ పోతున్నయ్. అడ్మినిస్ట్రేటర్ నడుమ కూసున్నడు, సూటు, మెత్తటి గొంతు. ఒక పక్కకు కుర్ర డాక్టర్. ఆయన మొహం చూస్తే పాపం సరిగ్గ నిద్రపోయి ఎన్ని దినాలయిందో అనిపించింది. ఎదురుంగ సిస్టర్. అందరికీ కుర్చీలు బల్ల దగ్గరికి ఉన్నయ్, ఆమెది మాత్రం జర దూరం వేసిన్రు. నేను ఓనర్ పక్కన కూసున్న.

మాటలన్నీ ఇంగ్లీష్లనే. అడ్మినిస్ట్రేటర్ జరిగింది చదివిండు. చదివి నా దిక్కు తిరిగిండు.

"మేడమ్, ఈమె మీ స్టూడెంట్. ఈమె ఇంగ్లీష్ ఎలా ఉంటుందో చెప్పండి."

"వీక్ సార్" అన్న.

ఓనర్ ఊపిరి పీల్చుకున్నడు. సిస్టర్ తల దించుకున్నది. ఆ దించుకున్న తల నేను ఇంకా మరువలేదు.

"వీకే సార్. కానీ ఆనాడు ఫోన్ల ఒక్కరు మాట్లాడలే, ఇద్దరు మాట్లాడిన్రు. రెండో ఆయన తెలుగు ఎట్లున్నదో సుత అడగుండ్రి. ఆయనకు నేను పాఠం చెప్పలే గాబట్టి నేను చెప్పలేను" అన్న.

ఓనర్ బల్ల కింద నా కాలు తన్నబోయి కుర్చీ కాలు తన్నుకున్నడు.

"మేడమ్, మన టాపిక్ అది కాదు" అన్నడు అడ్మినిస్ట్రేటర్.

"అదే సార్ టాపిక్. ఈ వార్డుల పేషెంట్ ఏ భాషల మూలుగుతడు? 'అయిపోయింది' అన్న మాట ఈ డాక్టర్‌కు తెలిస్తే ఈమె ఆ మాటే అంటుండె. 'ఏం అయిపోయింది?' అని ఆయన ఒక్క మాట అడిగినా సరిపోతుండె. ఈమె ఆయన భాష దిక్కు అంత దూరం నడిచింది. ఆయన ఒక్క అడుగు వేయలే. మీరు నడిచినామెను పట్టుకొని సరిగ్గ నడవలేదంటున్రు."

ఇదంత నేను ఇంగ్లీష్లనే చెప్పిన. ఆ కుర్ర డాక్టర్ చెవులు ఎర్రబడ్డయ్. 

అడ్మినిస్ట్రేటర్ ఓపికగ నవ్విండు. ఒక కాగితం సిస్టర్ దిక్కు జరిపిండు. "అందరం భావోద్వేగాలు పక్కన పెడదాం. ఇది నీ స్టేట్‌మెంట్. చదివి సంతకం పెట్టు" అన్నడు.

ఆమె లేచి నిలబడి చదివింది. నెమ్మదిగ, ఒక్కొక్క మాట. 'ఐ ర్యాన్ అవుట్ ఆఫ్ ద ఇంజెక్షన్ అండ్ ఫెయిల్డ్ టు ఇన్ఫార్మ్ ద డాక్టర్.' చదివి మొదటి మాట మీద వేలు పెట్టింది.

"సార్, ఐ డిడ్ నాట్ రన్ అవుట్."

"వాట్?"

"ద హాస్పిటల్ ర్యాన్ అవుట్ ఆఫ్ ఇట్."

గొంతు వణికింది, వాక్యం మాత్రం వణకలేదు. ఆ ఖాళీల పెట్టాల్సిన మాట ఆమెనే వెతుక్కున్నది. నేను చెప్పింది కాదు. తర్వాత ఆమె ఇంగ్లీష్ ఇడిసిపెట్టింది. ఇక ఆమెను ఎవరు ఆపుతరు?

"సార్, నా ట్రేల అయిపోతే స్టోర్ల ఉండాలె. స్టోర్ల సుత లేదు. బయట తెప్పిద్దామంటే మీ రూలు ఒప్పుకోదు. నేను ఫోన్ చేసిన, చెప్పిన. సక్కగ చెప్ప రాలేదు. సార్ రాకుంటే మళ్లొకసారి చేయాలె, చేయలే. గది నా తప్పే. ఆ టైలరన్న ముందట నిలబడి ఒప్పుకుంట. గది రాయుండ్రి, ఇప్పుడే సంతకం పెడ్త. కానీ మందు నిండుకున్నది నాకు కాదు సార్. మీకు. మీ హాస్పిటల్‌కు."

కుర్ర డాక్టర్ నా దిక్కు వంగి, "ఏమంటున్నది?" అన్నడు. నేను ఒక్కొక్క వాక్యం ఇంగ్లీష్ల చెప్పిన. 'స్టోర్ల సుత లేదు' అనంగనే ఆయన తల ఎత్తిండు.

"స్టోర్‌లో కూడా లేదా? ఎప్పటి నుంచి?" అని అడ్మినిస్ట్రేటర్‌ను అడిగిండు.

"అది మనం విడిగా మాట్లాడదాం డాక్టర్."

"లేదు సార్. నా పేషెంట్ మంచం మీది నుంచి పడ్డడు. ఇప్పుడే మాట్లాడదాం. స్టోర్ ఇన్‌చార్జిని పిలవండి."

ఆ మాట ఆయన నోటికెల్లి వస్తదని అక్కడ ఎవరూ అనుకోలేదు. నేను సుత అనుకోలేదు. ఆ పిల్లగాని మీద అప్పటిదాకా నాకున్న కోపం సగం అక్కడనే దిగింది.

స్టోర్ భాయ్ వచ్చిండు. తెల్లగడ్డం, మెడల అద్దాలు దారానికి వేలాడుతున్నయ్. కూసోమనలేదు ఎవరూ. డాక్టర్ లేచి తన కుర్చీ ఇయ్యబోతే, "ఫికర్ నై సాబ్, నిలబడ్త" అన్నడు.

"ఈ ఇంజెక్షన్ తక్కువైతున్నదని ఎవరికన్న చెప్పినవా?" అని నేనే తెలుగుల అడిగిన.

ఆయన ఒకసారి అడ్మినిస్ట్రేటర్ దిక్కు చూసిండు. రిటైర్మెంట్ దగ్గరున్న మనిషి. ఏం చెప్తడో ఏమో.

"చెప్పిన మేడమ్. సాబ్‌కే చెప్పిన. ఖతం హోరా సాబ్, అయిపోతున్నది సాబ్ అని మస్తు సార్లు చెప్పిన. వేరే కంపెనీ మాట్లాడుతున్నం, జర ఆగు అన్నరు. ఆగిన. నేను ఆగిన గానీ బీమారీ ఆగదు గదా సాబ్" అన్నడు.

 అడ్మినిస్ట్రేటర్ ఆ కాగితం మెల్లగ తన దిక్కు గుంజుకొని ఫైల్ల పెట్టుకున్నడు. "మీటింగ్ వాయిదా" అన్నడు. ఆ వాయిదా పడ్డ మీటింగ్ నాకు తెలిసి ఇప్పటిదాకా మళ్ల జరగలేదు.

లిఫ్ట్ కాడ ఓనర్ నన్ను పట్టుకున్నడు. "మేడమ్ గారూ, మీరు టీచరా, లాయరా? ఏళ్ల పని చెయ్యిజారిపోయింది. ఏంటండీ మీకు వచ్చిన లాభం?"

"నేను గ్రామరే చెప్పిన సార్. కర్త ఎవరని అడిగిన" అన్న.

తిరిగి పోయేటప్పుడు ఆయన కారు ఎక్కలేదు. ఆయన ఎక్కమని సుత అనలేదు. మరుసటి వారం పొద్దటి బ్యాచి వేరే సార్‌కు ఇచ్చిన్రు. తర్వాత సాయంత్రం బ్యాచి. తర్వాత నాకు ఏ బ్యాచి మిగల్లేదు. పొమ్మని మాత్రం ఎవరూ అనలేదు, పాపం మర్యాదస్తులు. నా చాక్‌పీసులు, నా డిక్షనరీ తీసుకొని నేనే మెట్లు దిగిన. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండ్రి. పరీక్షల కర్త ఎవరని అడిగితే మార్కులు పడతయ్. ఆఫీసుల అడిగితే కొలువు పోతది. అయినా అడగాలె. అడగకుంటే వాక్యం ఎవరి నెత్తి మీద పెడితే వాళ్లదే అయితది.

అట్లని అందరికీ మంచే జరిగిందని కథ చెప్పను. అడ్మినిస్ట్రేటర్‌కు ఏం కాలేదు. అదే సూటు, అదే కుర్చీ. స్టోర్ భాయ్ రిటైర్ అయ్యేదాకా ఆయనను లోపలి గోడౌన్‌ల పడేసిన్రు. ఆయనేమో, "అక్కడ ఫ్యాన్ మంచిగున్నది మేడమ్" అని నవ్విండు ఒకసారి ఫోన్ల. టైలరన్న భుజం నిమ్మలంగ బాగయింది. సిస్టర్ ఆయన దగ్గరికి పోయి, తన తప్పు ఎంతో అంత చెప్పి వచ్చింది. ఆయన భార్య ముందు తలుపు మూయబోయిందట. తర్వాత లోపలికి పిలిచి నీళ్లిచ్చిందట. సిస్టర్‌ను తీసేయడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. కొన్నాళ్లు అక్కడనే పనిచేసి, మాసబ్ ట్యాంక్ దిక్కు వేరే హాస్పిటల్ల చేరింది. ఎవరూ వెళ్లగొట్టలేదు. తనకు పోవాలనిపించినప్పుడు పోయింది.

నేను బల్కంపేటల మా ఇంటి ముందటి రూముల క్లాసులు పెట్టుకున్న. బోర్డు పెట్టలేదు, ముప్పై దినాలని చెప్పలేదు. ఆదివారాలు సిస్టర్ వస్తుండె. ఇంగ్లీష్ అడిగితే ఇప్పుడు రెండు గంటలు మాట్లాడుతది, తప్పులతోని సహా.

అట్లాంటి ఒక ఆదివారం గడపల చెప్పులిడిసి ఒక మనిషి నిలబడ్డడు. చూస్తే ఆ కుర్ర డాక్టర్.

"మేడమ్, తెలుగు నేర్పిస్తరా?" అని ఇంగ్లీష్ల అడిగిండు. "అయిపోయింది అన్న మాట ఎన్ని తీర్ల వాడతరో ముందు చెప్పండి."

లోపల సిస్టర్ కూసొని ఉన్నదని ఆయనకు తెల్వదు. చూసి గడపలనే ఆగిపోయిండు. ఆమె లేచి నిలబడింది. ఆ ఎంక్వైరీ తర్వాత వాళ్లిద్దరు పేషెంట్ల సంగతి తప్ప వేరే మాట మాట్లాడుకోలేదట. ఆయన ఒక నిమిషం కిందికి చూసి, ఎక్కడ నేర్చుకున్నడో ఎవరిని అడిగిండో, ముక్కలు ముక్కలుగ తెలుగుల అన్నడు.

"సిస్టర్... తప్పు... నాది."

సిస్టర్ ఏడుస్తదేమో అనుకున్న. ఆమె సక్కగ టీచర్ లెక్క నడుము మీద చెయ్యి పెట్టుకున్నది.

"వాక్యం తప్పు సార్. 'నాది సుత' అనాలె" అన్నది.

"సుత... మతలబ్?"

"ఆల్సో. ఆ తప్పు నాది సుత ఉన్నది, మీది సుత ఉన్నది, పెద్ద సార్‌ది అందరికన్న ఎక్కువ ఉన్నది. అంతా నా ఒక్కదాని మీద వేస్తుంటే నేను ఊకోలే. మీరొక్కరే మోస్తమంటే సుత ఊకోను. మళ్ల చెప్పుండ్రి."

ఆయన గడపల నిలబడే, బుద్ధిమంతుని లెక్క, మళ్ల మొదటి నుంచి చెప్పిండు.

"తప్పు... నాది... సుత."

"ఆఁ. ఇప్పుడు కరెక్ట్" అన్నది సిస్టర్. "లోపలికి రాండ్రి సార్."